మందు లేని చుక్క

నమోదు 118. సోమవారం, సముద్రం పోటు మీద.

పొద్దున తలుపు తీస్తే గడప నిండా రొయ్య తలకాయలు. నిన్నటివి కూడా కావు, మొన్నటివి. ఎండలో బాగా మగ్గబెట్టి, నా ల్యాబు మెట్ల దాకా మోసుకొచ్చి, తీరిగ్గా పోసి వెళ్ళారు. పారతో ఎత్తి నీళ్ళలోకి విసిరేసరికి నా భుజం పడిపోయింది. ఏడో గట్టు జనం నన్ను పలకరించే పద్ధతి ఇది. నేను వాళ్ళను పలకరించే పద్ధతి ఇంతకన్నా గొప్పగా ఏం ఉండదు.

చేతులు కడుక్కుంటుండగానే చినసత్యాన్ని తీసుకొచ్చారు. వల లాగే మనిషి. వారం కిందట జ్వరంతో నడిచొచ్చాడు, ఇవాళ మంచం మీద వచ్చాడు. మంచం ముందు నూకరత్నం నడిచింది. ఈ గట్టుకు పెద్ద ఆవిడే. పడవ ఆగాలన్నా, కాలవ తూము ఎత్తాలన్నా ఆవిడ తల ఊపాలి.

రక్తం తీసి తీర్పరిలో పోశాను. తీర్పరి అన్నది యంత్రానికి జనం పెట్టిన పేరు. రక్తంలోంచి క్రిములను ఏరి, గదికో మందు ఎండబెట్టిన ఐదు గదుల కార్డులో వేసి, ఏ గదిలో అవి పెరగడం ఆపుతాయో చూస్తుంది. టీ కాచి దించేలోగా తీర్పు వచ్చేస్తుంది. పక్కనున్న ఇనప బీరువాలో ఆ మందున్న అర మాత్రమే తెరుచుకుంటుంది. మిగతా అరలు సుత్తితో కొట్టినా తెరుచుకోవు. ఒకసారి కొట్టి చూశాను.

టక్కుమంది. మళ్ళీ మొదటి అరే. వారం నుంచి మింగుతున్న బిళ్ళే.

"ఏవమ్మా కడప మేడమ్, నీ మిషను మాకు సుద్దబిళ్ళలిత్తందా ఏంటి?" అంది నూకరత్నం.

"మిషను నాది కాదు, సర్కారు మండలిది. బిళ్ళలు సుద్దా కాదు. ఆయప్ప వేళకు మింగుతాండాడా లేదా, అది చెప్పు ముందు."

"మింగాడో లేదో నువ్వెవరివి అడగడానికి? మా సెరువులు సంపినదానివి."

అది నిజమే. పోయిన వానాకాలం ఈ కాలవ మీద చెరువు నీళ్ళలో యాంటీబయాటిక్ దొరికింది. నమూనా తీసింది నేను. పశువులకు, రొయ్యలకు ఆ మందులు పెట్టి పెట్టే కదా మనుషులకు పనిచేయకుండా పోయాయి. ఒక్క చెరువులో దొరికితే ఆ కాలవ నీళ్ళు తాగే చెరువులన్నిటినీ చంపాలని చట్టం. మండలి పడవవాళ్ళు వచ్చి బ్లీచింగ్ పోశారు. రొయ్యలు తెల్లగా తేలాయి. అప్పటి నుంచి నాకు గట్టు మీద ఎవరూ చేప అమ్మరు, మంచినీళ్ళ కుండ దింపరు. నాకేం, వాన నీళ్ళు పట్టుకుంటాను.

బదిలీ అడిగి చాలా కాలమైంది. మా వైపు రాతినేల, అక్కడ సముద్రం ఇంకా రాలేదు. ఆ రాళ్ళ మీద చెప్పుల్లేకుండా నడవాలని ఉంది.


నమోదు 119. బుధవారం, సముద్రం వెనక్కి పోయే పాటు మీద.

చినసత్యం చనిపోయాడు.

శవాన్ని పడవలోకి దించుతుండగా నా కిటికీ మీద రాయి పడింది. అద్దం పగల్లేదు, మండలివాళ్ళు అద్దం మాత్రం గట్టిది పెట్టారు. నేను బయటికొచ్చి, "కొట్టేవాళ్ళు దగ్గరికొచ్చి కొట్టండి, గురి కుదురుతాది," అని అరిచాను. రెండో రాయి పడలేదు. చినసత్యం పెళ్ళాం మాత్రం నన్ను అలా చూస్తూ నిలబడింది. ఆ చూపు రాయికన్నా గట్టిగా తగిలింది.

గోడ తెర మీద శశిభూషణ్ గారిని పిలిచాను. నా పై అధికారి. ఎప్పుడు చూసినా ఇస్త్రీ చొక్కా, వెనక ఎండిన నేల మీద మొక్కల కుండీలు.

"సార్, ఈ గట్టు మీద వరసగా ఇది నాలుగో చావు. ప్రతిసారీ తీర్పరి మొదటి అరే తెరిచింది. మందు పనిచేయలేదు."

"వాళ్ళు సరిగ్గా వేసుకోరు ఓబుళేశ్వరి గారూ. గట్లవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. తీర్పరికి తప్పు పట్టకండి. ఇంత వేగంగా చెప్పే యంత్రం ఇంకెక్కడా లేదు. పాతదానికి భోజనం చేసి వచ్చేంత సేపు పట్టేది. మేం టీకి దించాం."

"ఎట్లా దించారు సార్?"

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇది ఆయనకు ఇష్టమైన విషయం. "పాత కార్డులో ఒక గది ఖాళీగా ఉండేది. మందు లేకుండా క్రిమి ఎంత జోరుగా పెరుగుతుందో అందులో చూసి, మిగతావాటితో పోల్చేవారు. ఎప్పుడు చూసినా పెరుగుతూనే ఉంటుంది. దానికోసం అంత సేపు ఎందుకు కాచుకోవాలి? ఆ గది తీసేశాం. మామూలుగా ఎంత పెరుగుతుందో యంత్రానికి ముందే నేర్పాం. ఎంత తెలివైన పని చెప్పండి!"

తెలివైన పనే. నేను కూడా తల ఊపాను. అప్పుడాయన గొంతు తగ్గించి, అమావాస్య పోటుకు వచ్చే పడవలో నా బదిలీ దాదాపు ఖాయమని, ఈ లోపు గొడవ లేకుండా గడపమని చెప్పారు. నాకు ఆ పూట అన్నం సహించింది.


నమోదు 121. శుక్రవారం, పోటు మీద.

అన్నం సహించినా ఆలోచన సహించలేదు. చినసత్యం రక్తం కాస్త మిగిలి ఉంది. పాత పద్ధతిలో చూద్దామనుకున్నాను, మా గురువులు నేర్పినట్టు.

గట్టు కింద పెరిగే సముద్రపు నాచు తెచ్చి ఉడకబెట్టి వడగట్టాను. ఆ జావ పళ్ళేల్లో పోస్తే గట్టిగా పేరుకుంది. దాని మీద రక్తం పూసి, తీర్పరి కార్డుల్లో గదికింత ఎండబెట్టి ఉన్న ఐదు మందుల్లో చిన్న చిన్న కాగితపు బిళ్ళలు తడిపి అంటించాను. వెచ్చటి పెట్టెలో పెట్టి వదిలేశాను. ఏ మందు పనిచేస్తే దాని బిళ్ళ చుట్టూ ఖాళీ జాగా మిగులుతుంది. పనిచేయకపోతే క్రిములు బిళ్ళను ఆనుకుని మొలుస్తాయి. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు. కాకపోతే జబ్బు మనిషికి అంత సేపు ఆగే ఓపిక ఉండదు. అందుకే ఈ పద్ధతి మూలపడింది.

ఇవాళ తీసి చూశాను. మొదటి అర మందు బిళ్ళ పక్కన సూది మోపేంత ఖాళీ కూడా లేదు. క్రిములు దాన్ని మీగడలా కప్పేశాయి. తీర్పరి ఏ మందుకు చస్తాయని చెప్పిందో ఆ మందు మీదే పడుకుని ఉన్నాయి.

పళ్ళెం ఎత్తి తెరకు చూపించాను. శశిభూషణ్ గారు ముక్కు ముడిచారు, వాసన అక్కడికి వచ్చినట్టు.

"అది రక్తంలోది కాదు, గాలిలోంచి పడింది. మీరుండేది రొయ్యల గట్టు మీద. ఇంట్లో వండిన జావలో ఏం మొలిచినా నాకు చూపించకండి, ప్లీజ్."

ఇరవై ఏళ్ళుగా పళ్ళేలు పోస్తున్నాను. తెర మీద ఉమ్మెయ్యాలనిపించింది. తుడుచుకోవలసింది నేనే కాబట్టి ఆగాను.


నమోదు 122. ఆదివారం, పోటు మీద.

నూకరత్నం కూతురిని తీసుకొచ్చింది. లోవకుమారి, పాతికేళ్ళు కూడా లేవు. రొయ్యలు ఏరుతుంటే కొమ్ము అరచేతిలో గుచ్చుకుందట. చెయ్యి మోచేతి దాకా వాచి, చర్మం నిగనిగలాడుతోంది. ఒళ్ళు పెనంలా ఉంది.

"చెయ్యి చాపు," అన్నాను.

ఆ జ్వరంలోనూ నవ్వింది. "తలకాయలు పోసేది నేనేనండి. వాసన బాగుందా?"

"బాగుంది. ఈసారి ఉప్పు కూడా వెయ్యి, పచ్చడి పెట్టుకుంటా."

సూది గుచ్చాను. కొంచెం గట్టిగానే గుచ్చాను. ఆ పిల్ల నోరు తెరిచి "అమ్మా" అన్నప్పుడు చేపనూనె, బెల్లం కలిసిన వాసన కొట్టింది. మేత కలిపే చేతితోనే తింటారు వీళ్ళు, అనుకుని ఊరుకున్నాను.

తీర్పరి మొదటి అర తెరిచింది. చినసత్యానికి తెరిచిందీ అదే. బిళ్ళలు ఇచ్చి, అమ్మాయిని ల్యాబులోనే మంచం మీద ఉంచమన్నాను. నూకరత్నం ఒప్పుకోలేదు. "నీ సేతుల్లో ఒదిలేత్తే సూత్తా సూత్తా సంపేత్తావ్," అంది. సాయంత్రానికి పిల్లకు మాట తడబడటం మొదలయ్యాక, తనే మోసుకొచ్చి మంచం మీద పడేసి, వాకిట్లో కూర్చుంది.


నమోదు 123. సోమవారం, పోటు నుంచి పాటు దాకా.

ఇవాళ కొనుగోలు కంపెనీ పడవ చెరువుల శాంపిల్ తీయడానికి వచ్చింది. ల్యాబు కట్టె స్తంభాల మీద ఉంటుంది, వరండాలోంచి గట్టంతా కనిపిస్తుంది. ఏడాదిగా కనిపిస్తూనే ఉంది. చూడటం ఇవాళే చూశాను.

పడవ మలుపు తిరగకముందే ఆడవాళ్ళు బుట్టలతో చెరువుల దగ్గరికి పరిగెత్తారు. చేపనూనె, బెల్లంతో కట్టిన మేత ముద్దలు ఒక మూల గుమ్మరించారు. కాసేపటికి రొయ్యలన్నీ ఆ మూలకు చేరి, తిని, హుషారుగా ఎగిరాయి. కంపెనీ కుర్రాడు వచ్చేసరికి శాంపిల్ ట్రే ఆ మూలే దించి ఉంది. ఎత్తి చూసి, బాగున్నాయని రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇది గట్టు మీద మోసం కాదు, మర్యాద. శాంపిల్ తీయడానికి ఎవరైనా వస్తున్నారంటే చెరువును తయారు చేసి పెట్టాలి.

చేపనూనె, బెల్లం. లోవకుమారి నోట్లోంచి కొట్టిన వాసన.

నేను తీసేదీ శాంపిలే కదా. నా దగ్గరికొచ్చే ముందు వాళ్ళు మనిషిని తయారు చేసి తెస్తున్నారు! చట్టం వద్దన్నా దాచుకున్న రొయ్యల మందు చిటికెడు బెల్లంముద్దలో పెట్టి మింగించి, అప్పుడు తెస్తున్నారు. ఎందుకో కూడా తెలుసు. క్రిమి మొండిదని తీర్పరి తేలిస్తే, అంటే మూడో అర గానీ ఆపై అర గానీ తెరుచుకుంటే, రెండు రోజుల్లో పడవ వచ్చి రోగిని విశ్రాంతి కేంద్రానికి పట్టుకుపోతుంది. జనం దాన్ని వెలిదీవి అంటారు. అక్కడి నుంచి తిరిగొచ్చినవాళ్ళను నేను చూడలేదు. అందుకని శాంపిల్ మెత్తగా రావాలి. తీర్పరి దగ్గర పాసవ్వాలి.

పాసవుతున్నారు. ఆ రొయ్యల మందు క్రిమిని చంపదు, కాసేపు మత్తులో పడేస్తుంది. మత్తులో ఉన్న క్రిమి ఏ గదిలో వేసినా పెరగదు. యంత్రం ఏమనుకుంటుంది? ఐదు మందులూ పనిచేస్తున్నాయనుకుంటుంది. అన్నిటికన్నా చవకది, మొదటి అర, తెరుస్తుంది. మత్తు దిగాక క్రిమి లేచి మనిషిని తినేస్తుంది.

అనుకోవడం వేరు, చూడటం వేరు. ఒక కార్డు తీసి ఐదో గదిలో ఎండబెట్టిన మందును శుభ్రంగా కడిగేశాను. లోవకుమారి రక్తంలోంచి తీసిన క్రిములను ఆ మందు లేని చుక్కలో వేసి, మైక్రోస్కోపు గొట్టానికి నేనే కన్ను పెట్టి కూర్చున్నాను. టీ కాగింది, చల్లారింది, మీగడ కట్టింది. ఒక్క క్రిమీ రెండు కాలేదు. ఏ మందూ లేని చోట పెరగాల్సింది పెరగలేదు. ఆ ఖాళీ గది కార్డులో ఉండి ఉంటే మొదటి రోజే యంత్రం గోల పెట్టేది. చినసత్యం ఇవాళ వల లాగుతూ ఉండేవాడు. శశిభూషణ్ ఎదురుగా ఉంటే ఆ కార్డు ఆయన నోట్లో కుక్కేదాన్ని.

మిగతా క్రిములను కడిగి, మంచి జావలో వేసి వెచ్చగా ఉంచాను. పాటు మొదలయ్యే వేళకు మత్తు దిగింది. మందు లేని చుక్కలో గబగబా పెరిగాయి. మొదటి అర మందులోనూ పెరిగాయి. రెండోదాంట్లో కొంచెం తటపటాయించి పెరిగాయి. మూడో మందులో ఆగిపోయాయి.

కాబట్టి ఆ పిల్లకు కావలసింది మూడో అర. మళ్ళీ పరీక్ష చేయాలంటే తీర్పరి కారణం అడుగుతుంది. అది ఒప్పుకునే కారణం ఒక్కటే, రోగి ముందే మందు తిన్నాడని. దాని మీద ఇంటిపెద్ద వేలిముద్ర పడాలి. వేలిముద్ర పడితే అర తెరుచుకుంటుంది, బ్లీచింగ్ పడవ కూడా బయల్దేరుతుంది.

వాకిట్లోకి వెళ్ళాను.

"నీ కూతురికి ఏం పెట్టినావు?"

"అన్నం."

"ముద్దలో ఏం పెట్టినావని అడుగుతాండా. నోట్లో చేపనూనె వాసన కొడతాంది."

"మేం రొయ్యలోళ్ళం. మా నోట్లో మల్లెపూల వాసన వత్తాదా?"

"చూడు నూకరత్నమ్మా, ఆ ముద్ద వల్లనే తీర్పు తప్పొచ్చింది. ఒప్పుకుని వేలు పెట్టు. సరైన మందు చేతికొస్తాది. లేకుంటే ఆ పిల్ల దక్కదు."

ఆవిడ మొహం తిప్పేసుకుంది. చెరువుల వైపు చూస్తూ ఉంది. అప్పుడు మెల్లగా అంది. "వేలెడితే కాలవ కాలవంతా సంపేత్తారు. గట్టు మీద గడపగడపకీ కూడు పోద్ది. నా కూతురొక్కత్తి కోసవా? తినలేదు. ఏం తినలేదు. రాసుకో."

అనేసి కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు జాలి కలగాలి. కలగలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద, మండలి మీద, ఆ ఇనప బీరువా మీద, నన్ను ఈ ఉప్పునీళ్ళలో పడేసిన అందరి మీద.

శశిభూషణ్‌కు చెప్పాను. కార్డులో ఖాళీ గది ఉండాలని, కడిగి లేపిన క్రిములతో పరీక్ష ఒప్పుకోమని, అర తెరవమని.

"ఇంటిపెద్ద ఒప్పుకోకుండా కుదరదు. అమావాస్య ఎంతో దూరం లేదు ఓబుళేశ్వరి గారూ. మీ పడవ గురించి ఆలోచించుకోండి."


నమోదు 124. అదే రోజు, పొద్దు వాలక ముందు.

ఆలోచించుకున్నాను.

తీర్పరికి రక్తం ఎవరిదో తెలీదు, పైన పెట్టిన బొటనవేలు ఎవరిదో అంతే తెలుసు. నా వేలు గుచ్చి నాలుగు చుక్కల రక్తం తీసి, లేపిన క్రిములను అందులో కలిపాను. పోశాను. నా బొటనవేలు పెట్టాను. టీ పెట్టుకోలేదు.

"ఓబుళేశ్వరి. మూడో అర," అంది తీర్పరి. బీరువా టక్కుమంది. ఆ వెంటనే ఎర్ర దీపం వెలిగింది. ఎల్లుండి పోటుకు నాకోసం పడవ వస్తుంది. రాతినేలకు పోయే పడవ కాదు.

లోవకుమారికి ఇంజెక్షన్ ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే సరిగ్గా తెలీదు. వీళ్ళ మీద ప్రేమ పుట్టుకొచ్చి మాత్రం కాదు. సరైన మందు ఏదో నా కళ్ళతో చూశాక, అది మూరెడు దూరంలో బీరువాలో ఉండగా ఒక మనిషి చావడం నా వల్ల కాలేదు. నాకు చాలా భయంగా ఉంది. వెలిదీవి గురించి విన్నవన్నీ గుర్తొస్తున్నాయి.

నూకరత్నం ఎర్ర దీపం చూసింది. గట్టు మీద దాని అర్థం తెలియనివాళ్ళు లేరు.

"ఎవరికి వెలిగింది?"

"నాకు."

"నిన్నెవరు సెయ్యమన్నారు?" అని ఇంత కళ్ళు చేసి అరిచింది. అరిచి, మెట్లు దిగి, చెరువుల వైపు విసవిసా వెళ్ళిపోయింది. కూతురి ముఖం కూడా చూడలేదు.


నమోదు 125. మంగళవారం, పాటు మీద.

పిల్లకు జ్వరం దిగింది. కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. వాపు మణికట్టు దాకా తగ్గింది. నాకు ఏడుపొచ్చింది, పళ్ళేలు కడిగే తొట్టి దగ్గరికి పోయి ఏడ్చాను.

నూకరత్నం నిన్నటి నుంచి రాలేదు. వరండాలోంచి చూస్తే తన చెరువు తూము దగ్గర మోకాలి లోతు బురదలో నిలబడి మట్టి తట్టలు వేస్తోంది. ఒక్కతే. ఈవిడకు పిచ్చెక్కిందా, కూతురు ఇక్కడుంటే అక్కడ మట్టి పని ఏమిటి అనుకున్నాను. నా బట్టలు సర్దుకున్నాను.


నమోదు 126. బుధవారం, పోటు మీద.

పడవ వచ్చింది. తల నుంచి కాళ్ళ దాకా తొడుగులు వేసుకున్న మండలి మనుషులు ముగ్గురు మెట్లెక్కారు. గట్టు జనమంతా చేరారు. నేను పోతున్నానంటే చూడటానికి తీరిక లేనివాళ్ళు ఎవరుంటారు? ఒకడు ఈల కూడా వేశాడు.

నేను సంచి భుజానికి తగిలించుకుని రెండు మెట్లు దిగాను. జనాన్ని తోసుకుంటూ నూకరత్నం వచ్చింది. మోకాళ్ళ దాకా ఎండిన బురద, చేతుల నిండా పుళ్ళు.

"ఆగండి. ఆ క్రిమి దానిది కాదు, నా కూతురిది. నా సెరువు మందు నేనే ముద్దలో ఎట్టి తినిపించాను. ఆయ్, నేనే. వేలెక్కడ ఎట్టాలి?"

జనంలో గోల లేచింది. "నోరు ముయ్ రత్నమ్మా! కాలవ మొత్తం సంపేత్తావా?" అని ఎవరో మీదికొచ్చారు. ఆవిడ అటు తిరిగి అంతకన్నా పెద్దగా అరిచింది.

"నా తూము మూసేశాను. మొన్నటి నుంచి నా సెరువుకీ కాలవకీ సుక్క నీటి సంబంధం లేదు. గట్టి మట్టి కట్ట, రెండు పోట్లు తిన్నాది, సెమ్మ కూడా దిగలేదు. కొలుసుకోండి. సంపితే నాదొక్కటే సంపండి."

అప్పుడర్థమైంది నాకు ఆ మట్టి తట్టల సంగతి. ముందు కట్ట కట్టి, అది నిలిచాక వేలు పెడదామనుకుంటే ఆలోగా కూతురు పోయేది. నా వేలు ఆవిడకు రెండు పోట్ల వ్యవధి ఇచ్చింది.

తొడుగు మనిషి నన్ను చూపించి, ఈమెను కాపాడటానికి చెబుతున్నావా అని అడిగాడు. నూకరత్నం ఉమ్మేసింది, సరిగ్గా నా చెప్పు పక్కన.

"దీన్నా? ఇది మా సెరువులు సంపింది. దీని ముఖం సూత్తే నాకు అన్నం ఎగటు. దీని పున్నెం తిని నా కూతురు బతికిందని రేపు గట్టంతా సెప్పుకోవాలా? దీని రుణం నాకొద్దు. ఏదీ, వేలెక్కడ?"

వేలు పెట్టింది. జ్వరం దిగిన లోవకుమారి రక్తం వాళ్ళే తీసి తీర్పరిలో పోసి చూశారు, క్రిమి మిగల్లేదు, పడవలోకి ఎవర్నీ ఎక్కించలేదు. నేను సంచి కింద పెట్టాను. మెట్టు మీద కూర్చుండిపోయాను. ఈ గట్టు మీదికి వచ్చాక ఒక మనిషిని చూసి గౌరవం కలగడం అదే మొదలు. ఆవిడ నన్ను ఇంకా బూతులు తిడుతూనే ఉంది.


నమోదు 133. గురువారం, పోటు మీద.

నూకరత్నం చెరువు తెల్లబడింది. బ్లీచింగ్ ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. కాలవ మీద మిగతా చెరువులు బతికే ఉన్నాయి. అయినా ఆవిడను ఎవరూ పలకరించరు. ముద్దల సంగతి బయటపెట్టినందుకు ఇప్పుడు ఇంటింటికీ తనిఖీ. పొద్దున చూస్తే ఆవిడ గడపలో కూడా తలకాయలు పోసి ఉన్నాయి. నా పార ఇస్తానన్నాను. తనకూ పార ఉందంది.

నా మీద విచారణ ముగిసింది. దొంగ వేలిముద్రకు శిక్షగా బదిలీ రద్దు. ఇక ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఏడో గట్టే. శశిభూషణ్ గారు చాలా బాధతో చెప్పారు. ఇంకెవరూ ఇక్కడికి రావడానికి ఒప్పుకోలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. కొత్త కార్డులు వచ్చాయి. వాటిలో ఆరో గది ఉంది, మందు లేనిది. మండలి తన ముందుచూపుతో ఈ సదుపాయం కల్పించిందని అట్ట మీద అచ్చు వేశారు. చదివి అట్టను పొయ్యిలో పెట్టాను.

పోటెక్కే వేళకు నూకరత్నం ఒక ముసలాయనను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. చినసత్యం తండ్రి. ఒళ్ళు కాలిపోతోంది.

"ఏం తినలేదు. రాత్రి నుంచి పక్కనే కూకుని కాపలా కాశాను. ముద్ద తింటానని ఏడిత్తే రెండు తన్నాను. తొందరగా సూడు."

"తోసుకుంటూ రావద్దు, పక్కకు నిలబడు."

"నీ మిషను మీద నేనేం పడుకోను లే."

రక్తం తీసి పోశాను. ఐదు గదులనూ యంత్రానికి వదిలేసి, ఆరోదానికి నేనే కన్ను పెట్టాను. నూకరత్నం నా భుజం మీద నుంచి తొంగి చూస్తోంది. బురద వాసన, చెమట వాసన. జరగమని అనలేదు.

మందు లేని చుక్కలో క్రిమి సాగింది. నడుము దగ్గర సన్నబడింది. రెండైంది. ఇంకోటి రెండైంది. చాలా సంతోషం వేసింది నాకు, పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను.

"ఏంటి నవ్వుతున్నావ్? బతుకుతాడా?"

"ఏ మందుకు చస్తుందో ఇంకా తెలీదు. కానీ పురుగు మాత్రం నిజం చెప్తాంది."

నూకరత్నం గొట్టంలోకి కన్ను పెట్టి కాసేపు చూసింది. నన్ను పక్కకు నెట్టి ఇంకాసేపు చూసింది.

"ముండ పురుగు, ఎలా పెరుగుతుందో సూడు," అంది.

బీరువాలో రెండో అర టక్కుమంది, ఎర్ర దీపం వెలగలేదు.